చేతులు మరచిపోని పనులు: డిమెన్షియా ఉన్న పెద్దలకు మాంటిస్సోరి పద్ధతి

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గిపోయే స్థితి; అల్జీమర్స్ అందులో ఎక్కువగా కనిపించే రకం) ఉన్న పెద్దలను చూసుకోవడంలో మాంటిస్సోరి సూత్రాలు ఎలా పనికొస్తాయో పోయిన నెల సంచికలో క్లుప్తంగా రాశాను. జబ్బు తీసుకుపోయిన శక్తులను లెక్కపెడుతూ కూర్చోకుండా, ఇంకా మిగిలి ఉన్న శక్తులకు తగిన పనిని, తగిన పరిసరాన్ని సమకూర్చాలన్నదే ఆ వ్యాసంలో చెప్పిన విషయం. దానిపై వచ్చిన ఉత్తరాలలో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. ఉత్తరాలను కుదించి, రాసినవారిని గుర్తుపట్టే వివరాలను తీసివేశాను.

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. అల్జీమర్స్ అని చెప్పి మూడేళ్లయింది. 30 ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేసింది. మీ వ్యాసం చదివి మా తమ్ముడు పిల్లల బొమ్మల దుకాణంలో రంగు దిమ్మలు, చెక్క పజిళ్లు కొనితెచ్చి అమ్మ ముందు పెట్టాడు. ఆమె వాటిని పక్కకు నెట్టేసి, "నన్ను మళ్లీ ఒకటో తరగతిలో వేశారా?" అంది. ఆ మాటకు నాకు కన్నీళ్లు ఆగలేదు. చిన్నపిల్లల బడి పద్ధతిని పెద్దవాళ్ల మీద ప్రయోగించడం వాళ్లను కించపరచడం కాదా?

జవాబు: మీ అమ్మగారు సరిగ్గానే అన్నారు. మీ తమ్ముడి మనసు మంచిదే, తెచ్చిన వస్తువులే తగినవి కావు. మాంటిస్సోరి పద్ధతి అంటే మాంటిస్సోరి బడిలో కనిపించే వస్తువులేనని అనుకోవడం వల్ల చాలా ఇళ్లలో మొదటి రోజే ఇలాంటి గాయం తగులుతోంది. మనం తీసుకోవలసింది ఆ వస్తువుల వెనుక ఉన్న ఆలోచనను.

ఆ ఆలోచన ఎక్కడ పుట్టిందో తెలిస్తే మీ సందేహం కొంత తీరుతుంది. ఈ పద్ధతిని రూపొందించిన మరియా మాంటిస్సోరి వృత్తిరీత్యా వైద్యురాలు. 1870లో ఇటలీలో పుట్టి, 1896లో రోమ్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా పొందారు. బడి పెట్టకముందు ఆమె పనిచేసింది, మానసిక ఎదుగుదల లేదని, ఏమీ నేర్చుకోలేరని పెద్దలు చేతులెత్తేసిన పిల్లలతో. ఇటార్, సెగాన్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యుల రచనలను ఆధారం చేసుకుని, చేతికి అందే వస్తువుల ద్వారా, ఒక్కొక్క మెట్టుగా విడగొట్టిన పనుల ద్వారా ఆ పిల్లలకు నేర్పే మార్గాలను ఆమె రూపొందించారు. 1907 జనవరిలో రోమ్‌లోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె తెరిచిన "పిల్లల ఇల్లు" అనే బడి ఆ తరువాత వచ్చింది. అంటే, వీళ్లకు ఏదీ చేతకాదని లోకం తీర్మానించినవారి దగ్గరే ఈ పద్ధతి మొదలయింది. 1990లలో అమెరికాకు చెందిన కామెరాన్ క్యాంప్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని డిమెన్షియా ఉన్న పెద్దలకు అనువుగా మలిచారు. మాంటిస్సోరి 1929లో స్థాపించిన అంతర్జాతీయ సంఘం కూడా ఇప్పుడు వృద్ధాప్యం, డిమెన్షియాలకు సంబంధించిన పనిని తన కార్యక్రమాలలో చేర్చుకుంది.

ఇది పనిచేయడానికి కారణం జ్ఞాపకం ఒక్కటే రకం కాకపోవడం. పొద్దున ఎవరు వచ్చారు, మాత్ర వేసుకున్నానా లేదా అన్నవి గుర్తుండాలంటే మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం సరిగ్గా పనిచేయాలి. అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతినే భాగాలలో అది ఒకటి. బొత్తాం పెట్టుకోవడం, గుడ్డ మడవడం, కలం పట్టి సంతకం చేయడం వంటి అలవాటైన పనుల జ్ఞాపకం మెదడులోని వేరే భాగాల మీద ఆధారపడుతుంది, వాటికి దెబ్బ చాలా ఆలస్యంగా తగులుతుంది. చదవగలిగే శక్తి కూడా మనం ఊహించినదాని కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. "నిన్న ఏం చేశావమ్మా?" అని అడిగితే తెల్లమొహం వేసే మనిషి చేతికి తువ్వాలు ఇస్తే అంచులు కలిపి చక్కగా మడవడానికి కారణం ఇదే. మనం రోజంతా అడిగే ప్రశ్నలు పాడైపోయిన జ్ఞాపకాన్ని పరీక్షిస్తాయి. చేతికి ఇచ్చే పని బాగున్న జ్ఞాపకాన్ని పలకరిస్తుంది.

డిమెన్షియాలో శక్తులు నేర్చుకున్న క్రమానికి తలకిందులుగా పోతూ వస్తాయని బారీ రైస్‌బర్గ్ అనే అమెరికన్ వైద్యుడు ఒక పరిశీలన చేశారు. పని ఎంత కష్టంగా ఉండాలో నిర్ణయించుకోవడానికి అది కొంత ఉపకరిస్తుంది. అంతమాత్రాన మనిషి పసిపిల్ల అయిపోయిందని అర్థం చేసుకుంటే చాలా నష్టం జరుగుతుంది. 30 ఏళ్లు తరగతి గదిలో నిలబడిన మనిషికి ఆ హుందాతనం, ఆ రోషం అలాగే ఉంటాయి. మీ అమ్మగారు దిమ్మలను నెట్టేసింది ఆ రోషంతోనే.

అందుకని ఆమెను మళ్లీ టీచరుగానే కూర్చోబెట్టండి. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో పది చిన్న కూడికలు వేసి, రెండింటికి కావాలనే తప్పు జవాబు రాసి, ఎర్ర కలంతో పాటు ఆమెకు ఇవ్వండి. ఇంట్లో మనవలుంటే, "అమ్మమ్మా, ఇవి సరిగ్గా చేశానో లేదో చూసిపెడతావా?" అని అడగమనండి. సరైన జవాబులున్న చీటీ ఒకటి పక్కన ఉంచితే, అనుమానం వచ్చినప్పుడు ఆమె ఎవరినీ అడగనక్కరలేకుండా తానే సరిచూసుకుంటారు. ఆమె ఒక తప్పును గమనించకుండా టిక్కు పెట్టేసినా ఎవరూ ఎత్తి చూపకూడదు. దిద్దిన కాగితం తీసుకుని, థాంక్స్ చెప్పి, మరునాడు ఇంకాస్త తేలికైన లెక్కలు వేయండి.

ప్రశ్న: మా మామగారు వడ్రంగి. రోజూ సాయంత్రం నాలుగయ్యేసరికి లేచి, "పనికి వేళయింది" అంటూ తలుపు దగ్గరకు వెళ్లి గడియ లాగుతారు. "మీకిప్పుడు పనేం లేదు, కూర్చోండి మామయ్యా" అంటే కోపంతో చేయి విసురుతారు. సొరుగులన్నీ లాగి లోపలివి కింద పడేస్తారు. ఇద్దరు పిల్లలతో, వంటతో నాకు తీరిక తక్కువ. ఇంట్లో దీన్ని ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: పనికి వేళయిందని ఆయన అంటున్నప్పుడు, పనేం లేదని మనం చెబుతున్నాం. జీవితమంతా చేతులతో బతికిన మనిషికి అంతకంటే కటువైన మాట ఉండదు. ఆయన గడియ లాగడాన్ని, సొరుగులు తీయడాన్ని పని కోసం వెతుకులాటగా చూడండి, దారి కనిపిస్తుంది. నాలుగింటికి అలజడి మొదలవుతున్నప్పుడు, మూడున్నరకే పని సిద్ధంగా ఉండాలి. అలజడి మొదలయ్యాక పని ఇస్తే చాలామంది తీసుకోరు.

మొదటి పనిగా నేను చెప్పేది ఇది. అరచేతిలో పట్టేంత నున్నని అంచుల చెక్కముక్క తీసుకుని, దాని పైభాగమంతా పెన్సిలుతో అడ్డంగా గీతలు గీయండి. ఒక చిన్న దిమ్మకు ఉప్పుకాగితం చుట్టి బిగించండి. రెంటినీ ఒక పళ్లెంలో, చెక్క ఎడమవైపు, దిమ్మ కుడివైపు ఉండేలా అమర్చండి. గీతలన్నీ పోయేవరకు రుద్దాలి, అంతే పని. ఎక్కడ గీత మిగిలిందో అక్కడ ఇంకా రుద్దాలని చెక్కే చెబుతుంది, మీరు చెప్పనక్కరలేదు. తప్పును వస్తువే చూపించేలా పనిని అమర్చడం మాంటిస్సోరి సూత్రాలలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. డిమెన్షియా ఉన్న మనిషి రోజుకు ఎన్నిసార్లు ఇతరుల నోట "అలా కాదు" అని వింటారో ఒక్కరోజు లెక్కపెట్టి చూడండి, దాని విలువ మీకూ తెలుస్తుంది.

ఇక ఇచ్చే తీరు. టీవీ ఆపండి. వెలుతురు ఆయన వెనుక నుంచో పక్క నుంచో బల్ల మీద పడాలి, కళ్లలో పడకూడదు. బల్ల రంగూ పళ్లెం రంగూ ఒకటే అయితే వయసు మీరిన కళ్లకు అంచు తెలియదు కనుక, కింద వేరే రంగు గుడ్డ పరవండి. పూల డిజైన్లున్న గుడ్డ వద్దు, లేని పువ్వులను ఏరడానికి వేళ్లు వెళతాయి. ముందు నుంచి వెళ్లి, ఆయన కళ్లు మీ కళ్లను కలిశాక, "మామయ్యా, ఈ చెక్క గరుకుగా ఉంది, పిల్లల చేతికి గుచ్చుకుంటుందేమో. కాస్త చూసిపెడతారా?" అని అడగండి. ఇది ఆజ్ఞ కాదు, వద్దనే హక్కు ఆయనకుంది. వద్దంటే, "సరే మామయ్యా" అని పక్కన పెట్టి మర్నాడు మళ్లీ అడగండి.

ఒప్పుకుంటే పక్కన కూర్చుని, మాట లేకుండా, మామూలుకంటే చాలా నెమ్మదిగా మీరు మూడు నాలుగుసార్లు రుద్ది చూపించండి. చూపిస్తూ మాట్లాడితే, చూడాలో వినాలో తేల్చుకోలేక రెండూ వదిలేస్తారు. తరువాత దిమ్మను ఆయన చేతికి అందించి, మీ చేతులు ఒళ్లో పెట్టుకోండి. ఆయన వెంటనే మొదలుపెట్టకపోవచ్చు. మనసులో పది అంకెలు లెక్కపెట్టేదాకా కదలకండి. చూడటం, అర్థం కావడం, చేయి కదలడం మనకు రెప్పపాటులో జరిగిపోతాయి కానీ ఆయనకు అంత సమయం పడుతుంది. చాలామంది సంరక్షకులు నాలుగో అంకె దగ్గరే చేయి చాచి పని లాగేసుకోవడం నేను చూశాను. చివర, "ఇప్పుడు బాగుంది మామయ్యా, రేపు ఇంకొకటి ఉంది, చేస్తారా?" అని అడిగి, నునుపైన ఆ చెక్కను పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వడమో, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడమో ఆయన కళ్లెదుటే చేయండి. ఉత్తుత్తి పని ఎంతకాలం సాగినా, చివరికి అది ఉత్తుత్తిదేనని వాళ్లు పసిగడతారు.

ఇక్కడ నాకు ఎదురైన ఒక సంగతి చెప్పాలి. జీవితమంతా బట్టలు కుట్టిన ఒక పెద్దావిడ ముందు, వారి కుమార్తె నాలుగు రంగుల బొత్తాలు కలిపిన గిన్నె, నాలుగు ఖాళీ గిన్నెలు పెట్టారు. ఆవిడ ఒక ఎర్ర బొత్తాన్నీ ఒక తెల్ల బొత్తాన్నీ ఒకే గిన్నెలో వేశారు. "అయ్యో అమ్మా, అలా కాదు, రంగులు చూడు" అనబోతున్న కుమార్తె మోచేతిని నేను పట్టుకుని ఆపాను. మరో పది బొత్తాలు పడ్డాక మాకు అర్థమైంది. ఆవిడ రెండు చిల్లులవి ఒక గిన్నెలో, నాలుగు చిల్లులవి ఇంకొక గిన్నెలో వేస్తున్నారు. కుట్టేవారికి రంగు కంటే ముందు కంటికి ఆనేది అదే. ఆరోజు తప్పు మా పళ్లెంలో ఉంది, ఆవిడ చేతిలో లేదు. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా, పని అమర్చేముందు ఆ మనిషి 20 ఏళ్ల వయసులో, 40 ఏళ్ల వయసులో రోజంతా ఏం చేసేవారని అడుగుతున్నాను.

మీకు తీరిక తక్కువని రాశారు. సిద్ధం చేయడానికి వారంలో ఒక గంట, చూపించడానికి రోజుకు పది నిమిషాలు చాలు. వంటింటి పక్కనే ఒక బల్ల వేసి ఆయనను కూర్చోబెడితే ఒక కన్ను వేసి ఉంచవచ్చు. సొరుగుల విషయానికి వస్తే, అన్నిటికీ తాళం వేయకుండా, ఒకటి ఆయనదిగా కేటాయించి, తీసి చూడదగిన వస్తువులను అందులో ఉంచండి. ఉలి, రంపం, మేకులు మాత్రం అందులో వద్దు. ఏ వస్తువైనా నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే బొత్తాలు, మరలు వంటి చిన్నవేవీ ఇవ్వకూడదు.

ప్రశ్న: మా నాన్నగారు కళ్లజోడు ఎక్కడ పెట్టారో మరచిపోయి అయిదు నిమిషాలకొకసారి అడుగుతారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒక్కోసారి గట్టిగా అరిచేస్తున్నాను, తరువాత బాధపడుతున్నాను. జ్ఞాపకమే పోయిన మనిషికి కొత్తగా ఏదైనా నేర్పడం సాధ్యమేనా?

జవాబు: చాలా సందర్భాలలో సాధ్యమే, ఒక్కటే విషయం ఎంచుకుని ఓపికగా చేస్తే. ముందుగా వస్తువుకు ఒక స్థిరమైన చోటు కావాలి. మంచం పక్క బల్ల మీద ముదురు రంగు పెట్టె ఒకటి ఉంచి, దాని మీద తెల్ల కాగితంపై నల్లని పెద్ద అక్షరాలతో "కళ్లజోడు" అని అతికించండి. ఆయన చదవగలరో లేదో, ఎంత దూరం నుంచి ఏ సైజు అక్షరాలు చదవగలరో అదే రోజు పరీక్షించండి. "ఇది కాస్త చదివి పెట్టండి నాన్నా" అంటే చాలు. చాలామంది చదువుతారు, ఇంట్లోవారే ఆశ్చర్యపోతారు. చూడగానే గుర్తుపట్టడం, ఏ ఆధారమూ లేకుండా గుర్తుకు తెచ్చుకోవడం కంటే ఎంతో తేలిక కాబట్టి, చీటీలు, బాణం గుర్తులు, బొమ్మలు గోడల మీద ఎన్ని ఉంటే ఆయన అంత తక్కువగా అడుగుతారు.

తరువాత, విరామాలు పెంచుతూ గుర్తు చేయించే పద్ధతి ఒకటుంది, దానిని స్పేస్డ్ రిట్రీవల్ అంటారు. కామెరాన్ క్యాంప్ డిమెన్షియా ఉన్నవారి కోసం దీనిని విరివిగా వాడారు. మీ నాన్నగారితో, "నాన్నా, మీ కళ్లజోడు నల్ల పెట్టెలో ఉంటుంది. మీ కళ్లజోడు ఎక్కడ ఉంటుంది?" అని అడగండి. "నల్ల పెట్టెలో" అంటారు. వెంటనే లేచి వెళ్లి పెట్టెను తాకమనండి. చేయి కదిలితే మాట బాగా నాటుకుంటుంది. 10 సెకన్లు ఆగి అదే ప్రశ్న అడగండి. తరువాత 20 సెకన్లకు, 40 సెకన్లకు, ఒక నిమిషానికి, రెండు నిమిషాలకు, నాలుగు నిమిషాలకు, ఎనిమిది నిమిషాలకు అడగండి. మధ్యలో వాతావరణం గురించో, పత్రికలోని ఫోటో గురించో మాట్లాడుతూ ఉండవచ్చు. ఎక్కడైనా తప్పితే, ఆలోచించమని బలవంతపెట్టకుండా సరైన జవాబు మీరే చెప్పి, ఆయన చేత అనిపించి, అంతకుముందు సరిగ్గా చెప్పిన విరామానికి వెనక్కు రండి. ఊహించి తప్పు చెప్పనివ్వకపోవడం ఇందులో కీలకం, ఎందుకంటే నోటితో అన్న తప్పు కూడా అలవాటుగా నాటుకుపోతుంది. ప్రశ్న, జవాబు ప్రతిసారీ అవే మాటలలో ఉండాలి, ఇంట్లో అందరూ అలాగే అడగాలి. కొందరికి కొన్ని రోజులలో పట్టుబడుతుంది, కొందరికి వారాలు పడుతుంది. నిమిషం విరామం కూడా దాటలేకపోతుంటే దీనిని వదిలి చీటీల మీదే ఆధారపడండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా 5.7 కోట్ల మందికి డిమెన్షియా ఉంది. అందులో 60 నుంచి 70 శాతం వరకు అల్జీమర్స్ వల్ల వచ్చేదే కాబట్టి నేను చెప్పేవి ఎక్కువగా దానికి సరిపోతాయి. మాటల అర్థమే ముందుగా చెరిగిపోయే రకం డిమెన్షియాలో అక్షరాల చీటీ కంటే, కళ్లజోడే ఫోటో తీసి అతికించడం మేలు. కళ్లెదుట లేని మనుషులు, జంతువులు కనిపించే లూయీ బాడీ రకంలో గోడల మీద, గుడ్డల మీద డిజైన్లు తగ్గించాలి. మీ నాన్నగారిది ఏ రకమో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి.

అరిచేశానని బాధపడుతున్నారు. తెల్లవారుజామున మూడింటికి అదే ప్రశ్న ఇరవయ్యోసారి విన్నవారికి మాత్రమే అది తెలుస్తుంది. వారంలో రెండు మూడు గంటలైనా ఆ ప్రశ్న వినబడని చోట మీరు గడిపేలా ఇంట్లో మరొకరితో ఏర్పాటు చేసుకోండి. దాన్ని సంరక్షణలో భాగంగానే నేను చూస్తాను.

ప్రశ్న: నేను ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తున్నాను. మా విభాగంలో 30 మంది ఉన్నారు, పగలు మేము ముగ్గురమే. ఒక్కొక్కరికీ పళ్లెం అమర్చి చూపించే వీలు లేదు. పైగా మా నిర్వాహకులు, దీనివల్ల ఫలితం ఉంటుందని రుజువేమిటని అడుగుతున్నారు.

జవాబు: రుజువు సంగతి ముందు చెబుతాను. ఈ పద్ధతి జబ్బును నయం చేయదు, మెదడులో జరిగే నష్టాన్ని ఆపదు. అలా చెప్పి అమ్మేవారెవరైనా వస్తే నమ్మకండి. పరిశోధనలు ఎక్కువగా చూపించింది, మనిషి పనిలో నిమగ్నమయ్యే సమయం పెరగడం, ముఖంలో ఆసక్తి, సంతోషం కనిపించడం. 2013లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, ఒక్కొక్కరి అభిరుచికి తగినట్లు అమర్చిన మాంటిస్సోరి పనులను, ఊరికే పక్కన కూర్చుని కబుర్లు చెప్పడంతో పోల్చి చూశారు. పనులు ఇచ్చినప్పుడు నిమగ్నత ఎక్కువగా ఉంది. అలజడి మాత్రం రెండు విధాలా తగ్గింది. అయితే వేరే దేశాల నుంచి వచ్చి, అక్కడి ఇంగ్లీషు మరచిపోయి తమ పుట్టుభాషకు వెళ్లిపోయినవారిలో, కబుర్ల కంటే పనుల వల్లనే అలజడి బాగా తగ్గింది. మాట చేరని చోటికి చేతిపని చేరుతుందనడానికి నాకు తెలిసినవాటిలో ఇది చక్కని ఆధారం. తమంతట తాము తినలేకపోవడంపై తైవాన్‌లో జరిగిన అధ్యయనాలలో, గరిటెతో తీసి పోయడం వంటి అభ్యాసాలు, విరామాలు పెంచే పద్ధతి కలిసి మంచి ఫలితం ఇచ్చాయి. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మార్కులు పెరుగుతాయని మాత్రం మీ నిర్వాహకులకు మాట ఇవ్వకండి.

ఇక 30 మందికి ముగ్గురు. పళ్లేలతో కాక బాధ్యతలతో మొదలుపెట్టండి. ఇప్పుడు మీరు ముగ్గురూ చేస్తున్న పనుల జాబితా రాసి, అందులో ఏది ఏ నివాసి చేయగలరో ఆలోచించండి. భోజనాల బల్ల మీద చెంచాలు సర్దడం, ఉతికిన చేతిరుమాళ్లు మడవడం, కుండీలకు నీళ్లు పోయడం, క్యాలెండరులో తేదీ మార్చడం, కొత్తగా వచ్చినవారిని కుర్చీ దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టడం వంటివన్నీ ఒక్కొక్కరి పేరు మీద ఉండాలి. ఆ పేర్లను హాలులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. చెంచా ఎక్కడ పెట్టాలో చెంచా ఆకారం గీసిన గుడ్డ బల్ల మీద వేస్తే, ఎవరూ చెప్పనక్కరలేకుండా సర్దుతారు. మొదటి రెండు వారాలు మీ పని పెరుగుతుంది. మీరే రెండు నిమిషాలలో ముగించే పనికి వాళ్లు 20 నిమిషాలు తీసుకుంటారు. ఆ 20 నిమిషాలలో వాళ్లు మిమ్మల్ని పిలవరని, తలుపు తట్టరని గుర్తించాక లెక్క మారుతుంది.

గుంపుగా చేయదగినది చదువుకునే వేళ. ఒక చిన్న విషయాన్ని అయిదారు పేజీలుగా, పేజీకి రెండు మూడు వాక్యాలతో, పెద్ద అక్షరాలలో ముద్రించి, అయిదారుగురికి తలా ఒక ప్రతి ఇవ్వండి. ఒక్కొక్కరు ఒక పేజీ గట్టిగా చదువుతారు. చివర, జ్ఞాపకాన్ని పరీక్షించే ప్రశ్న వేయకుండా అభిప్రాయం అడగండి. "రైలు ఏ ఊరు వెళ్లింది?" అని అడిగితే ఓడిపోతారు, "మీకు రైలు ప్రయాణం ఇష్టమేనా?" అంటే అందరికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. కొన్నాళ్లకు వారిలోనే ఒకరు ఆ గుంపును నడిపించగలుగుతారు.

ప్రశ్న: రెండు నెలలుగా చక్కగా బట్టలు మడుస్తున్న మా అత్తగారు మూడు రోజులుగా ఏదీ ముట్టుకోవడం లేదు. పగలంతా మగతగా ఉండి, రాత్రి కేకలు వేస్తున్నారు. పని మార్చమంటారా?

జవాబు: పని మార్చకండి, వెంటనే వైద్యుడికి చూపించండి. డిమెన్షియా నెలల మీద, సంవత్సరాల మీద ముదురుతుంది. మూడు రోజులలో వచ్చిన మార్పు వెనుక సాధారణంగా వేరే కారణం ఉంటుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఛాతీలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, చెప్పుకోలేని నొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఎవరూ చూడనప్పుడు పడిపోవడం వంటివన్నీ ఇలాగే బయటపడతాయి. దీనిని డెలీరియం అంటారు, కారణం కనిపెట్టి చికిత్స చేస్తే చాలావరకు తగ్గుతుంది. ఈ ఉత్తరానికి జవాబు పోస్టులో విడిగా కూడా పంపాను.

ప్రశ్న: నా భార్య మంచం పట్టి ఎనిమిది నెలలయింది. మాట లేదు. నన్ను గుర్తుపడుతుందో లేదో తెలియదు. మీరు రాసే చెక్కముక్కలు, బొత్తాలు చదువుతుంటే, వాటికి కాలం దాటిపోయిందనిపించింది. ఆమెకు చేయగలిగింది ఇంకేమైనా ఉందా?

జవాబు: ఉంది. మీరు రోజూ ఆమెకు చేస్తున్న పనులలోనే ఉంది. పొద్దున మొహం తుడిచేటప్పుడు, గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన గుడ్డను ముందు ఆమె అరచేతిలో పెట్టండి. దాని వెచ్చదనం తెలియడానికి కాస్త సమయం ఇవ్వండి. తరువాత మీ చేతిని ఆమె చేతి కింద పెట్టి, పైనుంచి పట్టి లాగకుండా, కింద ఆసరాగా మాత్రమే ఉంచి, నెమ్మదిగా చెంప దాకా తీసుకెళ్లండి. పైనుంచి పట్టుకుంటే అది ఆమెకు బలవంతంలా తోచి చేయి బిగుస్తుంది, కింద ఆనిస్తే ఇష్టమున్నప్పుడు కదలడానికి, లేనప్పుడు ఆగిపోవడానికి వీలుంటుంది. చెంపకు గుడ్డ తగిలాక, ఎంతో కాలంగా చేసిన అలవాటు కొందరిలో మేలుకుంటుంది, వేళ్లు తమంతట తాము రెండు మూడు అంగుళాలు కదులుతాయి. కదలకపోతే మీరే తుడవండి, రేపు మళ్లీ అలాగే మొదలుపెట్టండి.

దువ్వెన కూడా అంతే, ముందు ఆమె చేతికి ఇచ్చి, తరువాత మీరు దువ్వండి. రెండు చీరలు చూపించి, ఏ వైపు ఆమె కళ్లు ఎక్కువసేపు నిలిచాయో ఆ చీర కట్టబెట్టండి. ఆమె ఎంచుకున్నట్లే లెక్క. గదిలోకి వచ్చిన ప్రతిసారీ, "నేను వచ్చాను, ఇప్పుడు నీకు మొహం తుడుస్తాను" అని పేరు పెట్టి పిలిచి చెప్పి, అప్పుడు తాకండి. ఆమె ఎదుట ఆమె గురించి ఇతరులతో మాట్లాడవలసి వస్తే, పక్క గదిలోకి వెళ్లి మాట్లాడండి. తినిపించే విషయంలో మాత్రం మింగడంలో ఇబ్బంది ఉందేమో నిపుణులకు చూపించకుండా ఏ ప్రయోగమూ చేయవద్దు.

గుర్తుపడుతుందో లేదోనని రాశారు. దానికి పరీక్ష పెట్టకండి. నేనెవరో చెప్పు అని అడగకుండా, మీ పేరు, మీరు ఆమెకు ఏమవుతారో మీరే చెప్పండి. పొద్దున గుడ్డ తడిపేటప్పుడు ఆమె ఊపిరి తీరును, నుదుటి ముడతలను, వేళ్ల బిగువును గమనించి, ఒక చిన్న నోటుబుక్కులో రెండు ముక్కలు రాసుకుంటూ ఉండండి. నెల తరువాత ఆ పుస్తకం నాకు పంపితే, మీ ఇద్దరికీ సరిపడే మరో రెండు పనులు కలిసి ఆలోచిద్దాం.